నిరూపణ నేర్పడం ఎక్కడ నేర్చుకోవాలి? డిగ్రీ గణిత అధ్యాపకులకు నాలుగు దారులు

సమూహ సిద్ధాంతం పాఠంలో ఒకసారి ఈ ప్రశ్న ఇచ్చాను: ఒక సమూహంలో ఏ మూలకాన్ని తీసుకున్నా దాని వర్గం తత్సమ మూలకమే (దేనితో గుణించినా దాన్ని మార్చనిది) అయితే, ఆ సమూహం వినిమయ సమూహమని, అంటే గుణించే వరుస మారినా ఫలితం మారదని చూపండి. రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఇలా రాసింది. మొదటి వరుసలో ఏబీ = బీఏ. తర్వాత రెండు పక్కలా ఎడమ నుంచి ఏబీతో గుణించింది. ఎడమ పక్కన (ఏబీ)(ఏబీ) వచ్చింది; అది ఒక మూలకానికి వర్గమే కాబట్టి తత్సమ మూలకం. కుడి పక్కన (ఏబీ)(బీఏ); నడుమ బీ వర్గం పోయింది, మిగిలిన ఏ వర్గమూ పోయింది, అదీ తత్సమ మూలకమే. రెండు పక్కలా ఒకటే వచ్చింది కాబట్టి నిరూపితమని రాసి కింద గీత గీసింది.

చూపించాల్సిన మాటనే ముందు ఒప్పేసుకుని మొదలుపెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనైతే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా వేసేవాణ్ణి. కానీ ఆ కాగితాన్ని అడుగు వరుస నుంచి పైకి చదివి చూడండి. (ఏబీ)(ఏబీ), (ఏబీ)(బీఏ) రెండూ తత్సమ మూలకమే, కాబట్టి రెండూ సమానం. ఎడమ వైపు ఏబీని కొట్టివేత న్యాయంతో తీసేస్తే ఏబీ = బీఏ మిగులుతుంది. నిఖార్సయిన ఉపపత్తి! తలకిందులుగా ఉంది, అంతే. "అమ్మా, దీన్ని కింది నుంచి పైకి చదువు, ప్రతి వరుసా నిలబడుతుందో లేదో చెప్పు" అన్నాను. తనే సరిచేసుకుంది. మర్నాడు వచ్చి, "ఎప్పుడైనా ఇలా తిప్పి చదవవచ్చా సార్?" అని అడిగింది. మైనస్ 1 = 1 అని మొదలుపెట్టి రెండు పక్కలా వర్గం చేయమన్నాను. 1 = 1 వచ్చింది. ఆ గంటంతా ఏ మెట్టు వెనక్కి దిగనిస్తుంది, ఏది దిగనివ్వదు అన్నదే పాఠమైంది.

ఆ కాగితాన్ని అలా చదవడం నాకు ఎమ్మెస్సీలో ఎవరూ నేర్పలేదు. అరవై మంది చూస్తుండగా, అర నిమిషంలో, తప్పులో ఉన్న ఒప్పును పట్టుకుని, జవాబు చెప్పేయకుండా సరైన ప్రశ్న వేయగలగడం ఒక విద్య. అన్వేషణ పద్ధతిలో, అంటే విద్యార్థే కనుక్కునేలా, నిరూపణ బోధించడమంటే సారాంశంలో ఇదే. వేసవి సెలవులు దగ్గరపడగానే తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో పనిచేసే తోటివాళ్ళు ఫోన్ చేసి, ఫలానా శిక్షణకు వెళ్ళమంటారా, వద్దంటారా అని అడుగుతుంటారు. నా గీటురాయి ఒకటే. ఇలాంటి కాగితం మీ చేతిలో పెట్టి "ఇప్పుడు మీరేమంటారు?" అని అడిగే శిక్షణకు వెళ్ళండి. అన్వేషణ ఎంత గొప్పదో రెండు గంటలు ఉపన్యసించేదానికి సెలవు దండగ చేసుకోవద్దు.

పద్ధతి మార్చుకోవడం వల్ల నిజంగా లాభముందా అని అనుమానించేవారికి ఒక లెక్క. శాస్త్ర, ఇంజినీరింగ్, గణిత విషయాల్లో డిగ్రీ స్థాయి బోధనపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2014లో వెలువడింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పారు. విద్యార్థులే పని చేసిన తరగతుల్లో అది 21.8 శాతం. ఇందులో నిరూపణ పాఠాలు కొద్ది భాగమే, అన్ని రకాల క్రియాశీల బోధననూ ఒకే గంపలో వేశారు. కాబట్టి ఈ అంకెను పట్టుకుని ఊరేగనక్కర్లేదు. దిక్కు మాత్రం తెలుస్తుంది.

ముందు మోతాదు తేల్చుకోండి

శిక్షణ ఎంచుకునే ముందు, తిరిగి వచ్చాక మీ తరగతిలో ఏం చేయబోతున్నారో మనసులో ఉండాలి. అన్వేషణ అనే పేరు కింద మూడు వేరువేరు మోతాదులు చెలామణీలో ఉన్నాయి.

అన్నిటికన్నా ఘాటైనది మూర్ పద్ధతి. అమెరికా గణితవేత్త ఆర్.ఎల్. మూర్ 1920 నుంచి 1969 దాకా టెక్సస్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. పుస్తకం చదవకూడదు, ఒకరితో ఒకరు చర్చించుకోకూడదు. ఆయన స్వీకృతాలు, నిర్వచనాలు, సిద్ధాంతాల ప్రవచనాలు ఇస్తాడు. విద్యార్థి ఒంటరిగా నిరూపించుకుని వచ్చి బోర్డు దగ్గర నిలబడాలి, మిగతావాళ్ళు లోపం పట్టాలి. మేరీ ఎలెన్ రూడిన్ లాంటి గణితవేత్తలు అక్కడినుంచే వచ్చారు. అదే మూర్ నల్లజాతి విద్యార్థులను తన తరగతిలోకి రానివ్వలేదు. పద్ధతిని పొగిడేవాళ్ళు ఈ మాట దాటేస్తుంటారు కాబట్టి చెబుతున్నాను. మన డిగ్రీ తరగతిలో అరవై మంది ఉంటారు, సెమిస్టరు చివర విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష ఉంటుంది. ఇక్కడ మూర్ మోతాదు మింగుడుపడదు. పీజీలో పది, పన్నెండు మంది ఉన్న ఐచ్ఛిక విషయమైతే ఆలోచించవచ్చు.

రెండోది మెట్లు కట్టిన ప్రశ్నాపత్రం. పైన చెప్పిన సమూహం ప్రశ్ననే తీసుకోండి. మొదటి మెట్టు: నాలుగు మూలకాలతో, ప్రతి వర్గమూ తత్సమమయ్యేలా పట్టిక నింపండి. రెండోది: పట్టికను కర్ణం మీదుగా మడిచినట్టు చూస్తే ఏం కనిపిస్తోంది? మూడోది: ఇలాంటి సమూహంలో ఏ మూలకానికైనా విలోమం ఏది? నాలుగోది: ఏబీ విలోమాన్ని రెండు విధాలుగా రాయండి. ఇక్కడికి వచ్చేసరికి సగం తరగతి నిరూపణ వాసన పసిగడుతుంది. ఐదో మెట్టు నాకు ఇష్టమైనది: వర్గం బదులు ఘనం అని పెడితే సిద్ధాంతం నిలుస్తుందా? నిలవదు. కానీ దాన్ని కూలదోసే అతి చిన్న సమూహంలో 27 మూలకాలున్నాయి. చిన్న ఉదాహరణలు ఎన్ని చూసినా పడిపోదు. నాలుగు ఉదాహరణలు సరిపోయాయి కాబట్టి నిజమే అనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి మందు లేదు. మన కళాశాలలకు నేను సిఫారసు చేసేది ఈ మోతాదునే. చిక్కల్లా ఒక్కటే, ఇలాంటి కాగితం ఒకటి తయారు కావడానికి ఆదివారం మొత్తం పోతుంది.

మూడోది, మామూలు పాఠం మధ్యలో పదిహేను నిమిషాలు. ఎన్ వర్గం ప్లస్ ఎన్ ప్లస్ 41 అని బోర్డు మీద రాసి, సున్నా నుంచి మొదలుపెట్టి విలువలు కట్టించండి. 39 వరకూ ప్రధాన సంఖ్యలే వస్తాయి. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. సిలబస్‌కు భయపడేవారు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

రిఫ్రెషర్ కోర్సు

విశ్వవిద్యాలయాల అధ్యాపక శిక్షణ కేంద్రాలు నడిపే, ఇంచుమించు రెండు వారాల కోర్సులు. 2023 నుంచి ఇవి మాలవీయ మిషన్ పేరుతో జరుగుతున్నాయి. పదోన్నతికి ధ్రువపత్రం అవసరం, కాబట్టి ఎలాగూ వెళతారు, వెళ్ళండి. నిరూపణ బోధన అక్కడ వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పూటకో వక్త వస్తారు, తమ పరిశోధన గురించి చెబుతారు, మరుసటి పూటకు వేరొకరు. వాటిలో కొన్ని ఉపన్యాసాలు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ వింటూ కూర్చున్నవాడు వినడమే నేర్చుకుంటాడు. నేను వెళ్ళిన ఒక కోర్సులో "విద్యార్థి కేంద్రిత బోధన" అనే అంశం మీద తొంభై నిమిషాల ప్రసంగం జరిగింది. చివర ప్రశ్నలకు సమయం మిగల్లేదు.

మీ విషయం జాబితాలో ఉంటే, నిర్వాహకులకు ముందే రాసి ఒక పూటను చర్చకు కేటాయించమని అడగవచ్చు. ఒకసారి అడిగాను, ఇచ్చారు కూడా. అడగనిది ఎవరూ పెట్టరు.

వేసవి మకాం

కొన్ని రోజులు ఒకచోట బస చేసి, పగలంతా గణితం చేస్తూ, రాత్రి భోజనాల దగ్గర కూడా దాని గురించే తగాదా పడే శిక్షణ. మన దేశంలో దీనికి చెప్పుకోదగ్గ సంప్రదాయం ఉంది. ఆచార్య ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) కార్యక్రమం వేసవిలో నాలుగు వారాల పాటు విద్యార్థులకు గణితం నేర్పుతుంది. అక్కడ ఉపాధ్యాయుడు చెప్పుకుపోడు, అడుగుతూ పోతాడు. ప్రశ్నకు ప్రశ్నే జవాబు. ఆ బృందమే అధ్యాపకులకూ బోధనా శిక్షణలు నడిపింది. మీ విద్యార్థుల్లో ఎవరైనా ఎంటీటీఎస్‌కు వెళ్ళి వచ్చి ఉంటే ముందు వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. శిక్షణ కరపత్రం కన్నా వాళ్ళే బాగా చెబుతారు.

ఇలాంటి మకాం ఒకదానిలో జరిగింది చెబుతాను. ఇరవై మందికి పైగా అధ్యాపకులం. శిక్షకుడు వచ్చి బోర్డు మీద ఒక వృత్తం గీశాడు. పరిధి మీద ఒక బిందువు పెడితే లోపల ఒకటే ప్రాంతం. రెండు బిందువులు పెట్టి కలిపితే రెండు ప్రాంతాలు. మూడింటికి నాలుగు, నాలుగింటికి ఎనిమిది, ఐదింటికి పదహారు. "ఆరింటికి?" అని అడిగి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు.

ముప్ఫై రెండు అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. ఆయన ఏమీ అనలేదు. గీసి లెక్కపెట్టండి అని కూడా అనలేదు. రెండు నిమిషాల నిశ్శబ్దం భరించలేక ఒక మేడమ్ గీసి లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. లెక్క తప్పి ఉంటుందని పక్కనున్న సార్ మళ్ళీ లెక్కపెట్టారు, ముప్ఫై ఒకటే. నేను నా నోటుపుస్తకంలో కొలబద్ద పెట్టి చక్కగా గీశాను, నాకు ముప్ఫై వచ్చింది! ఇరవయ్యేళ్ళుగా గణితం చెబుతున్నవాణ్ణి, ప్రాంతాలు లెక్కపెట్టడం రాదా అని చెమట పట్టింది. అరగంట వాదించుకున్నాక తేలింది: నేను మరీ చక్కగా, క్రమ షడ్భుజి గీశాను. దానిలో మూడు కర్ణాలు కేంద్రం దగ్గర కలుస్తాయి, అక్కడ పుట్టాల్సిన చిన్న త్రిభుజం ఒకటి మాయమైపోతుంది. ఏ మూడు జ్యాలూ ఒకే చోట కలవకూడదనే షరతు ప్రశ్నలో లేదు. దాన్ని మేమే కనిపెట్టి, మేమే చేర్చాం. ఆ తర్వాత నాలుగు బిందువులకు ఒక ఖండన బిందువు చొప్పున లెక్కకట్టి సూత్రం రాబట్టడానికి మధ్యాహ్న భోజనం దాటింది.

సిద్ధాంతంలో షరతులు ఎందుకుంటాయో విద్యార్థికి ఎలా చెప్పాలన్నది నాకు ఆ రోజే అర్థమైంది. పిల్లలు బోర్డు దగ్గర బిగుసుకుపోతే ఎలా ఉంటుందో కూడా. శిక్షకుడి మౌనం ఎంత కష్టమైన పనో సాయంత్రం ఆయనే చెప్పాడు: "నోరు మూసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది." మకాంలో దొరికేది ఈ అనుభవమే, ఇంకో దారిలో దొరకదు.

లోపమేమిటంటే, జూన్ చివరికి అది ఆవిరైపోతుంది. కాలేజీకి తిరిగి వచ్చాక తరగతులు, పరీక్షల విధులు, కళాశాలకు గ్రేడునిచ్చే న్యాక్ దస్త్రాలు. పక్కన ఎవరూ ఉండరు. అమెరికాలో ఇలాంటి కార్యశాలలు నడిపేవాళ్ళు ఈ సంగతి గమనించి, నాలుగు రోజుల శిక్షణ తర్వాత ఏడాది పాటు ఈమెయిల్ బృందంలో పాల్గొన్నవారిని వెంటాడే పద్ధతి పెట్టుకున్నారు. మీరు చూస్తున్న శిక్షణకు అలాంటి తోక ఏదైనా ఉందా అని అడగండి. లేకపోతే తోకను మీరే కట్టుకోవాలి. దాని సంగతి కింద చెబుతాను.

ఆన్‌లైన్

స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల మీద గణిత విషయ జ్ఞానానికి మంచి పాఠాలున్నాయి. రియల్ అనాలిసిస్ మరిచిపోయి పదేళ్ళయినవారికి అవి వరం. బోధన నేర్చుకోవడానికి మాత్రం, ఈత మీద వీడియో చూసినట్టే. ఒక్క మినహాయింపు: నిజమైన తరగతి గది వీడియోను చూపించి, మధ్యలో ఆపి, "తర్వాత ఈ ఉపాధ్యాయుడు ఏమనాలి?" అని చర్చ పెట్టే కార్యక్రమం దొరికితే వదలవద్దు.

ఇరుగుపొరుగు బృందం

ఇది ఎవరూ ప్రకటన ఇవ్వని దారి, నా లెక్కలో అన్నిటికన్నా చవకైనది, ఎక్కువ కాలం నిలిచేది. చుట్టుపక్కల మూడు, నాలుగు కళాశాలల గణిత అధ్యాపకులు నెలకోసారి రెండు గంటలు కూర్చోవడం. జపాన్‌లో పాఠశాల ఉపాధ్యాయులు ఎన్నో ఏళ్ళుగా చేసే పాఠ అధ్యయనం ఇలాంటిదే: అందరూ కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావారు వెనక కూర్చుని విద్యార్థులను గమనిస్తారు, తర్వాత పాఠాన్ని సవరిస్తారు. విమర్శ పాఠం మీదే, చెప్పిన మనిషి మీద కాదు.

మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊరు తిరుపతి. పండితులు శాస్త్రవాదం చేసే వాక్యార్థ సభ చూసినవారికి తెలుసు. ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బలంగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలి. పూర్వపక్షం, అంటే ఆ ఎదుటివాదం, బలహీనంగా చెప్పినవాడి సిద్ధాంతాన్ని ఎవరూ లెక్కచేయరు. విద్యార్థి తప్పు ఉపపత్తిని చదవాల్సింది అలాగే.

బృందంలోనే తేలగలిగే సమస్య ఒకటుంది, భాష. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమమే. మదనపల్లె, పలమనేరు పల్లెల నుంచి తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలు నిరూపణను ఇంగ్లీషులో కంఠస్థం చేస్తారు, ఆలోచించేది తెలుగులో. అవధి (లిమిట్) నిర్వచనంలో "ప్రతి" ముందా, "ఒక" ముందా అన్నది వాళ్ళకు అక్షరాల తారుమారు లాగానే కనిపిస్తుంది. మా బృందంలో ఒక మేడమ్ దీనికి తిరుమల గదుల ఉదాహరణ తెచ్చారు. "ప్రతి గదికీ ఒక తాళంచెవి ఉంది." "అన్ని గదులకూ పట్టే తాళంచెవి ఒకటి ఉంది." రెండూ ఒకటేనా? రెండో మాట నిజమైతే మీ సామాన్లు గదిలో పెట్టి దర్శనానికి వెళతారా? తరగతి ఘొల్లుమంది, విషయం మాత్రం ఎక్కింది. అవిచ్ఛిన్నతకూ (కంటిన్యూటీ) ఏకరూప అవిచ్ఛిన్నతకూ (యూనిఫాం కంటిన్యూటీ) తేడా చెప్పేటప్పుడు ఇప్పటికీ "ఏ తాళంచెవి?" అని అడిగితే చాలు. బయటినుంచి వచ్చిన ఏ నిపుణుడూ ఈ ఉదాహరణ ఇవ్వలేడు.

బృందానికీ జబ్బులున్నాయి. మూడో నెలకు సగం మంది రారు. వచ్చినవారు గణితం వదిలి బదిలీల గురించి మాట్లాడతారు. దానికి మేం పెట్టుకున్న నియమం: ప్రతి ఒక్కరూ ముగ్గురు విద్యార్థుల కాగితాలు, పేర్లు మడిచి, తీసుకురావాలి, మొదటి గంట వాటి మీదే. చోటు పాకాల. తిరుపతి నుంచి కాట్పాడి వెళ్ళే రైలు మార్గంలో చిత్తూరు వాళ్ళకూ మాకూ నడుమ పడుతుంది. రెండో శనివారం, బ్రహ్మోత్సవాల నెల తప్ప.

ఎవరికి ఏది

ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కానివారైతే ముందు మకాం, ఆ వెంటనే బృందం. మొదట్లోనే బోర్డు దగ్గర బిక్కమొహం వేసిన అనుభవం లేకపోతే తర్వాత దానికి అహం అడ్డొస్తుంది. పదిహేనేళ్ళు దాటినవారు బృందంతో మొదలుపెట్టడం మేలు. సొంత తరగతిలో పదిహేను నిమిషాల మోతాదు ఒక సెమిస్టరు నడిపి, ఎక్కడ చిక్కుకుంటున్నారో తెలిశాక మకాంకు వెళితే ఆ రోజులు వృథా పోవు. ఇంట్లో చిన్నపిల్లలో, పెద్దవాళ్ళ సేవో ఉండి ఊరు కదలలేనివారికి ఆన్‌లైన్ గణితం, బృందంలో బోధన. ఈ జోడీ ఏమీ తక్కువది కాదు.

ప్రిన్సిపాళ్ళకు ఒక మాట. ఒక్కరిని పంపి, వచ్చాక "మిగతావాళ్ళకు చెప్పండి" అంటే ఏమీ జరగదు. ఒకే కళాశాల నుంచి ఇద్దరిని పంపండి. ఇద్దరికి వీలుకాకపోతే వెళ్ళి వచ్చిన వ్యక్తికి వారంలో ఒక గంట తగ్గించి ఇవ్వండి, ఆ మెట్ల కాగితాలు తయారుచేసుకోవడానికి. ఇంటర్నల్ మార్కుల్లో కొన్నింటిని బోర్డు దగ్గర నిరూపణ వివరించినందుకు పెట్టనివ్వండి. మార్కు లేని పనిని పిల్లలు రెండు వారాలకు మించి చేయరు.

డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: మొత్తం శిక్షణలో నేను బోర్డు దగ్గర ఎంతసేపు ఉంటాను? కిందటి వేసవిలో ఒకచోట అడిగితే అవతలివైపు ఆయన మర్యాదగా జవాబిచ్చాడు: "బోర్డు ఉండదు సార్, ప్రొజెక్టరు ఏర్పాటు చేశాం."